చెస్కీ క్రుమ్లోవ్‌లో రెండు రాత్రులు: ఆదివారం చేరి మంగళవారం బయల్దేరితే ఏది ఎప్పుడు చూడాలి?

ఏటిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ రెండో వారంలో ప్రాగ్ నుంచి వియన్నా వెళ్లే దారిలో, చెక్ దేశంలోని చెస్కీ క్రుమ్లోవ్‌లో ఆగుదామనుకుంటున్నాం. ఆదివారం మధ్యాహ్నానికి చేరతాం, మంగళవారం మధ్యాహ్నం బయల్దేరాలి. ఐదుగురం: మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప, అమ్మ, నాన్న. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే రెండు కిలోమీటర్లయినా నడుస్తారు, ఎత్తులూ మెట్లూ కష్టం. అమ్మ గుడ్డు కూడా ముట్టరు.

అంత చిన్న ఊరికి రెండు రాత్రులు ఎక్కువేమో అని అనుమానం. చాలామంది ప్రాగ్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తారట. బస ఊళ్లోపల తీసుకోవాలా, బయటా? కోటలో చాలా టూర్లున్నాయి, ఏది వదులుకోకూడదు? పాపకి నదిలో పడవెక్కాలని ఉంది, అది క్షేమమేనా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

రాళ్లబాట

రెండు రాత్రులు ఎక్కువ కాదండీ, సరిగ్గా సరిపోతాయి. ప్రాగ్ నుంచి బస్సులో ఒకవైపే దాదాపు మూడు గంటలు. పోను రాను ఆరు గంటలు సీట్లోనే గడిస్తే ఊరికి మిగిలేది నాలుగైదు గంటలు. అవి కూడా పదకొండు నుంచి నాలుగు మధ్య, అంటే టూరు బస్సులన్నీ ఒక్కసారే జనాన్ని దింపే వేళ. లాట్రాన్ వీధి ఎంత ఇరుకంటే, ఎదురుగా నలభై మంది గుంపు వస్తే గోడకి ఆనుకుని నిలబడాల్సిందే. సాయంత్రం ఐదున్నర దాటాక అదే వీధిలో మీ అడుగుల చప్పుడు మీకు వినపడుతుంది. సెప్టెంబర్ మధ్యలో ఏడుంపావు ప్రాంతంలో పొద్దు గూకుతుంది. ఆ రెండు గంటల వెలుగూ, మళ్లీ పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఉండే నిశ్శబ్దమూ రాత్రి బస చేసినవాళ్లకే దక్కుతాయి. ఈ ఊరికి వెళ్లడమంటే నా దృష్టిలో ఆ నాలుగు గంటల కోసమే. మిగతాదంతా ఆ తర్వాతే.

ఊరి వాటం ముందు తెలుసుకుంటే బస ఎక్కడో మీకే తేలుతుంది. వల్తావా నది ఇక్కడ పాములా మెలికలు తిరుగుతుంది. ఒక మెలిక లోపల, దాదాపు ద్వీపంలా, పాత ఊరు ఉంటుంది. మధ్యలో స్వోర్నోస్తి చౌకు, అందులో 1716లో కట్టిన ప్లేగు స్తంభం. నదికి ఆవలి ఒడ్డున కొండరాయి మీద కోట, దాని కాళ్ల దగ్గర లాట్రాన్ పేట. రెంటినీ కలిపేది చెక్క వంతెన, లాజెబ్నిత్స్కీ మోస్ట్. చరిత్ర నగరం మొత్తాన్నీ 1992లో యునెస్కో జాబితాలో చేర్చారు. ఈ చివర నుంచి ఆ చివరికి ఇరవై నిమిషాల నడక.

నాన్నగారి మోకాళ్లు దృష్టిలో పెట్టుకుంటే నదీ మెలిక లోపలే, చౌకుకి దగ్గర్లో గది చూడండి. రోజులో ఎన్నిసార్లయినా గదికొచ్చి నడుం వాల్చుకోవచ్చు. గది తీసుకునే ముందు రెండు ప్రశ్నలు తప్పక అడగండి: గది ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా? ఇవి 1500ల నాటి ఇళ్లు. చాలావాటిలో లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా, గుండ్రంగా తిరుగుతూ పోతాయి. బుకింగ్ సైట్లో "చారిత్రక భవనం" అని కనపడితే ఆ మాటలో మెట్లు కూడా ఉన్నాయని గుర్తుపెట్టుకోండి.

రావడం: ప్రాగ్‌లో మెట్రో బి లైన్‌లో ఆండ్యెల్ స్టేషన్ దగ్గరున్న న క్నీజెత్సీ బస్టాండు నుంచి నేరు బస్సులున్నాయి. శని, ఆదివారాల సీట్లు ముందే నిండిపోతాయి, కనీసం వారం ముందు కొనండి. క్రుమ్లోవ్‌లో రెండు చోట్ల దిగొచ్చు. ముందు వచ్చేది ష్పిచాక్ స్టాపు: బుద్యోవిత్సే గేటుకి ఆనుకునే ఉంటుంది (పాత ఊరి తొమ్మిది ద్వారాల్లో మిగిలింది ఇదొక్కటే), బస లాట్రాన్ వైపుంటే ఇక్కడ దిగండి. బస చౌకు వైపుంటే చివరిదాకా, బస్టాండుకే వెళ్లండి. అక్కణ్ణుంచి పది నిమిషాల దిగుడు దారి. రైలు స్టేషన్ మాత్రం ఊరికి ఉత్తరాన కొండ మీద ఉంది, పెద్దవాళ్లతో, సామానుతో ఆ దారి పట్టొద్దు.

సామాను సంగతి: వీధులన్నీ గుండ్రాళ్లు పరిచినవే. చిన్న చక్రాల సూట్‌కేసు రాళ్ల సందుల్లో ఇరుక్కుని చక్రం విరిగిపోవడం మామూలే. పెద్ద పెట్టెలుంటే బస్టాండు నుంచి టాక్సీ మాట్లాడుకోండి. పాత ఊళ్లోకి వాహనాలకి పరిమితులున్నాయి, గది తలుపు దాకా టాక్సీ రానిస్తారో లేదో హోటల్‌ని ముందుగా అడిగి ఉంచుకోండి.

ఇక మీ తేదీల్లో అసలు చిక్కు సోమవారం. ఆ రోజు కోట లోపలి గదుల టూర్లు ఉండవు. మీకున్న ఒకే ఒక్క పూర్తి రోజు అదే! ఊళ్లో చాలా మ్యూజియంలకు కూడా సోమవారం సెలవు. కాబట్టి కోటని ఆదివారం మధ్యాహ్నం, మంగళవారం ఉదయం అని రెండుగా విడగొట్టి, సోమవారాన్ని నదికీ వీధులకీ వదిలేయండి. ప్రాగ్‌లో ఒక రోజు సర్దుకుని మంగళ, బుధ, గురువారాలకి జరపగలిగితే ఇంకా మేలు.

తెరవెనుక

కోట గురించి నేను చెప్తాను. రాళ్లబాట గారు చెప్పింది నిజం, టూర్లకి సోమవారం సెలవు. కానీ కోట ప్రాంగణాలు మూసేయరు. ఐదు ముంగిళ్లు, కందకం మీది దారి, క్లోక్ బ్రిడ్జ్ (కమానుల మీద కట్టిన ఎత్తైన వంతెన) అన్నీ టికెట్ లేకుండా నడిచే బాటలే. ఆవల ఉన్న తోట ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా తెరిచి ఉంటుంది. సోమవారం పొద్దున ఎనిమిదికి అక్కడ నడిస్తే కోట బయటి అందమంతా చూసేసినట్టే.

వదులుకోకూడనిది ఒక్కటే చెప్పమంటే బరోక్ (17, 18 శతాబ్దాల ఐరోపా కళాశైలి) థియేటర్. క్రుమ్లోవ్‌కి వెళ్లి అది చూడకుండా వచ్చేవాళ్లే ఎక్కువ, అదే నా బాధ. కారణం టికెట్లు. గుంపు చిన్నది, కట్టడం చెక్కది, నిప్పుకీ తేమకీ భయపడి కొద్దిమందినే పంపుతారు. అప్పటికప్పుడు కౌంటర్ దగ్గరికెళ్తే ఆ రోజు ఇంగ్లీషు టూర్ అయిపోయిందంటారు. కోట సొంత వెబ్‌సైట్‌లో ముందుగా కొనుక్కోండి, ఏ భాష టూరో చూసి మరీ కొనండి. మే నుంచి అక్టోబర్ దాకానే తెరుస్తారు, ఎందుకంటే లోపల వేడి చేసే ఏర్పాటేమీ లేదు.

1680 ప్రాంతంలో ఎగ్గెన్‌బర్గ్ ప్రభువు కట్టించిన ఈ రంగశాలని, 1765–66లో ష్వార్జెన్‌బర్గ్ ప్రభువు ఇప్పుడున్న రూపానికి తెచ్చాడు. అప్పటి తెరలు, దుస్తులు, దీపాల ఏర్పాటు, వేదిక కింది యంత్రాలు అన్నీ మిగిలున్నాయి. ఇంత పూర్తిగా దక్కిన బరోక్ రంగశాలలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. స్వీడన్‌లోని డ్రాట్నింగ్‌హోమ్ అలాంటి మరొకటి. 1966లో మూసేసి, ముప్పై ఏళ్లు బాగుచేసి 1997లో మళ్లీ తెరిచారు.

అక్కడ గమనించాల్సింది వేదిక కింద. మధ్యలో దుంగంత ఇరుసు, దానికి చుట్టిన తాళ్లు. వేదికకి అటూ ఇటూ వరసగా నిలబడే పక్క తెరలన్నీ నేలలో చీల్చిన గాళ్లగుండా కిందికి దిగి, కింద జారే చట్రాలకి బిగించి ఉంటాయి. మనుషులు ఇరుసు తిప్పగానే ఒక జత తెరలు లోపలికి జారుతూ ఉంటే ఇంకో జత అదే క్షణంలో బయటికొస్తుంది. తోట కాస్తా చెరసాల అయిపోతుంది, ప్రేక్షకుల కళ్ల ముందే, తెర దించకుండా, కొన్ని సెకన్లలో. గాలి చప్పుడుకి, వాన చప్పుడుకి, ఉరుముకి వేరువేరు చెక్క సాధనాలున్నాయి. పాపకి ఇది చాలా నచ్చుతుంది. ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి: ఫొటోలు తీయకూడదు, ఏదీ ముట్టుకోకూడదు. టూర్ ముప్పావు గంట.

రెండోది "రూట్ 1". రోజెన్‌బర్గుల (ఎగ్గెన్‌బర్గుల కన్నా ముందు కోటని ఏలిన వంశం) కాలపు గదులు, ఎగ్గెన్‌బర్గుల బంగారు బండి, మాస్కరేడ్ హాలు (ముసుగు నృత్యాల హాలు) ఇందులోనే వస్తాయి. ఆ బండి 1638లో పోప్ దగ్గరికి రాయబారం వెళ్లడానికి చేయించింది, రోమ్‌లో ఆ ఒక్క ఊరేగింపు కోసం. మాస్కరేడ్ హాలు గోడల నిండా 1748లో యోసెఫ్ లెడరర్ వేసిన నిలువెత్తు బొమ్మలు: ముసుగులు వేసుకున్నవాళ్లు, విదూషకులు, బాల్కనీ మీంచి తొంగిచూసేవాళ్లు. ఏది నిజమైన కిటికీ, ఏది రంగుతో వేసింది అన్నది దగ్గరికెళ్తేగానీ తెలియదు. ఈ కోటంతా అదే ఆట. మూడో, నాలుగో ముంగిళ్లలో రాతి విగ్రహాలనుకున్నవి గోడ మీది బొమ్మలే, నీడలతో సహా. కుడి అరచేతిని గోడకి ఆనించి చూడమని పాపతో అనండి, నున్నగా ఉంటుంది.

"రూట్ 2" ష్వార్జెన్‌బర్గుల 19వ శతాబ్దపు గదులు. అలాంటివి వియన్నాలో మీకు ఎలాగూ కనపడతాయి, ఇక్కడ వదిలేయొచ్చు.

నాన్నగారి విషయం. లాట్రాన్ వైపు నుంచి కోటలోకి వెళ్లే ఎర్ర గేటు నుంచి మొదటి ముంగిలి దాకా వాలు తక్కువే. కందకంలో ఎలుగుబంట్లుండేది అక్కడే. రోజెన్‌బర్గులు తాము ఇటలీ ఓర్సీని వంశానికి బంధువులమని చెప్పుకునేవారు, ఆ పేరులో ఎలుగు ఉంది కాబట్టి ఇంటి గుర్తుగా ఎలుగుల్ని పెంచారు. మధ్యాహ్నం ఎండలో అవి నీడకి చేరి కనపడవు, పొద్దున గానీ సాయంత్రం గానీ చూడండి. రెండో ముంగిలి దాకా ఆయన నింపాదిగా రాగలరు. అక్కణ్ణుంచి పైకి దారి ఒక్కసారిగా ఎత్తెక్కుతుంది, కాళ్ల కింద గుండ్రాళ్లు. రూట్ 1కీ, థియేటర్‌కీ ఆ ఎక్కుడు తప్పదు. ఆయన్ని తీసుకెళ్లాలనుకుంటే రెండింట్లో ఒక్కటే పెట్టుకుని, ఆ ఎత్తుకి టూర్ సమయం కంటే అరగంట ముందే బయల్దేరండి. టూర్ మొదలయ్యాక తలుపులు మూసేస్తారు, రొప్పుతూ వచ్చినా లోపలికి పంపరు. గోపురం మాత్రం మీ ఇద్దరికీ పాపకీ: 162 మెట్లు, పైనుంచి నదీ మెలిక మొత్తం కిందే పరిచినట్టుంటుంది. ఆ గోపురానికి రంగులు 1590లో వేశారు, అప్పటి వాటిని చూసి మళ్లీ దిద్దినవే ఇప్పుడున్నవి.

ఎక్కకుండానే కోట మొత్తం కనపడే చోటు ఒకటుంది. బస్టాండు నుంచి దిగే హోర్నీ వీధిలో, ప్రాంతీయ మ్యూజియం పక్కనున్న చిన్న తోట. గట్టు గోడ దగ్గర నిలబడితే ఎదురుగా కోట, కింద నది. నాన్నగారిని సాయంత్రం ఆరింటికి అక్కడికి తీసుకెళ్లండి. ఆ మ్యూజియంలోనే ఊరి మొత్తాన్నీ 1:200 కొలతలో మట్టితో చేసి కాల్చిన నమూనా ఉంది, ఇళ్లన్నీ ఒక్కొక్కటిగా. నడవలేనివాళ్లకి ఊరంతా తిరిగినట్టు ఉంటుంది. ఇది కూడా ఆదివారమో మంగళవారమో పెట్టుకోండి.

తెడ్డు

నది గురించి అడిగారు కదా. రెండు రకాలున్నాయి, మీ ఐదుగురికీ ఒకటే సరిపోదు.

మొదటిది చెక్క తెప్ప. దుంగలతో కట్టిన పెద్ద తెప్ప మీద బల్లలుంటాయి, నడిపేవాళ్లు వాళ్లే. ముప్పావు గంట పాటు ఊరి చుట్టూ తిప్పుతారు. అమ్మానాన్నలకి ఇదే మంచిది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒక్క పెద్ద అడుగు వేయాలి, చేయి పట్టుకుంటే చాలు. మత్తడి (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) దాటేటప్పుడు కాళ్లు తడుస్తాయి, బూట్లతో ఎక్కొద్దని చెప్పండి.

రెండోది అద్దె గాలి పడవ, మనమే తెడ్లు వేయాలి. తొమ్మిదేళ్ల పాపకి రెండు మనుషుల కనూ కన్నా నలుగురి రాఫ్ట్ తీసుకోండి, వెడల్పుగా ఉంటుంది, తొందరగా బోల్తా పడదు. దూరం రెండు రకాలుగా ఎంచుకోవచ్చు. ఊరికి కాస్త ఎగువన ఎక్కి, ఊళ్లో మెలికలన్నీ తిరిగి దిగువన దిగడం ఒకటి, గంట లోపే. ఊరి నుంచి జ్లాటా కొరునా దాకా వెళ్లడం రెండోది, మూడు నాలుగు గంటలు. ఆ చివర 1263లో స్థాపించిన సిస్టర్షన్ (ఒక క్రైస్తవ సన్యాసుల సంఘం) మఠం ఉంది. అద్దెకిచ్చినవాళ్లే వ్యాన్‌లో వెనక్కి తెస్తారు, అది ధరలో కలిసి ఉందో లేదో ముందే అడగండి. పైనున్న విష్షీ బ్రోద్ నుంచి క్రుమ్లోవ్‌కి రావడం రోజంతా పని, పాపతో వద్దు.

ఇందులో ఏదైనా తేడా వచ్చేది మత్తళ్ల దగ్గరే. ఊళ్లో నదికి అడ్డంగా కట్టిన మత్తళ్లున్నాయి. ఒక్కోదాని పక్కన పడవల కోసం చెక్క అడుగుతో జారుదారి వదిలారు. స్థానికంగా ష్లైస్నా అంటారు. వచ్చే పొరపాటు ఎప్పుడూ ఒకటే: జారుదారి నోటి దగ్గర భయపడి ఒక పక్క తెడ్డు ఆపేస్తారు, పడవ అడ్డం తిరుగుతుంది, అడ్డంగా జారిన పడవ కిందున్న అలకి తగిలి బోల్తా కొడుతుంది. కాబట్టి ఇరవై ముప్పై మీటర్ల ముందే పడవ ముక్కుని దారికి తిన్నగా సరిచేసుకోవాలి. అందరూ అంచు మీంచి దిగి పడవ అడుగున కూర్చోవాలి. జారే ముందు దాకా తెడ్లు ఆపకూడదు, జారుతున్నప్పుడు తెడ్డు లోపలికి లాక్కోవాలి. కింద అల దాటగానే మళ్లీ గట్టిగా నాలుగు తెడ్లు వేయాలి, లేకపోతే నీళ్లు వెనక్కి లాగుతాయి.

జారుదారి వదిలి మత్తడి మీంచి దూకాలని ఎవరైనా సరదాపడితే ఒప్పుకోవద్దు. మత్తడి కింద నీళ్లు చుట్టచుట్టుకుని వెనక్కి తిరుగుతాయి, ఆ సుడిలో పడ్డ మనిషిని లైఫ్ జాకెట్ ఉన్నా బయటికి వదలవు. అనుమానంగా ఉంటే మత్తడికి ముందే ఒడ్డు చేరి, పాపని దింపి గట్టు మీద నడిపించండి. ఇద్దరు పెద్దవాళ్లు పడవని దింపుకోవచ్చు. అక్కడ చాలామంది చేసేదే అది, నామోషీ ఏమీ లేదు. నీళ్లలో పడితే వెల్లకిలా తేలుతూ కాళ్లు ముందుకి చాపాలి, నిలబడే ప్రయత్నం చేయకూడదు, రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది.

పాప జాకెట్ విడిగా పిల్లల సైజుది అడగండి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తి చూడండి, జాకెట్ చెవుల దాకా లేస్తే అది పెద్దది. కాళ్లకి వెనక పట్టీ ఉన్న చెప్పులే, హవాయి చెప్పులు మొదటి మత్తడికే కొట్టుకుపోతాయి. ఫోన్లు, పాస్‌పోర్టులు, పొడి బట్టలు మూత బిగించే ప్లాస్టిక్ పీపాలో పెట్టి, పీపాని పడవకి కట్టేయాలి. పైన లిప్నో జలాశయం నుంచి వచ్చే ఈ నీళ్లు ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయి, సెప్టెంబర్ మధ్యలో పది గంటలకి ముందు దిగొద్దు.

మీ సోమవారం దీనికి చక్కగా కుదురుతుంది. జులై, ఆగస్టు శనివారాల్లో నది మీద పడవలు ఒకదానికొకటి తగులుతుంటాయి. సెప్టెంబర్ సోమవారం ఆ గొడవ ఉండదు. కాకపోతే సీజన్ చివర కాబట్టి అద్దె కేంద్రాలు రోజూ తెరవకపోవచ్చు, రెండు రోజుల ముందు ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. పెద్ద వాన పడి నది గోధుమరంగులోకి మారితే మానేయండి.

ఏటిగట్టు

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. తేదీలు జరపడం కుదరదు, వియన్నా గదులు ముందే కట్టేశాం. అయితే ఆదివారం మూడు తర్వాత థియేటర్, సోమవారం నది, మంగళవారం పొద్దున రూట్ 1 అనుకుంటున్నాం. నాన్నగారు థియేటర్‌కి ఒక్కదానికే వస్తారు. ఇక అమ్మ భోజనం సంగతి, వియన్నా ప్రయాణం మిగిలాయి.

వంటింటి కిటికీ

అమ్మగారి భోజనానికి మెనూలో "బెజ్‌మసా యీద్లా" అన్న శీర్షిక వెతకండి, మాంసం లేని వంటకాలని అర్థం. కానీ ఆ శీర్షిక కింద ఉన్నంత మాత్రాన గుడ్డు లేదనుకోవద్దు.

వేయించిన జున్ను (చీజ్), స్మజెనీ సీర్, అన్ని చోట్లా దొరుకుతుంది. పై పొరకి గుడ్డు అద్దుతారు, పక్కన ఇచ్చే టార్టార్ సాస్‌లోనూ గుడ్డే. బంగాళాదుంప అట్టు, బ్రాంబొరాక్, వాసన చూస్తే మన అట్టులాగే వెల్లుల్లి ఘుమఘుమలాడుతుంది. పిండిలో గుడ్డు కలుపుతారు. క్నెడ్లీకీ అనే ఉడికించిన పిండి ముద్దల్లోనూ చాలాసార్లు ఉంటుంది. కులాయ్‌దా అనే పుట్టగొడుగుల చారు మీగడతో, సోయికూరతో ఎంతో రుచిగా ఉంటుంది కానీ అందులో గుడ్డు వేయడం ఆనవాయితీ, చారునీళ్లు మాంసం ఉడికించినవి కావచ్చు. "మాంసం ఉందా" అని అడిగితే ముక్కల గురించే చెప్తారు, చారునీళ్ల గురించి విడిగా అడగాలి.

గుడ్డు లేకుండా నమ్మకంగా దొరికేవి: ఉడికించిన బంగాళాదుంపలు వెన్నతో, కాల్చిన కూరగాయలు, జున్ను సలాడ్, పిజ్జా, టమాటా సాస్ పాస్తా (ఎండు పాస్తానా అని అడిగి, తాజాగా చేసిందైతే గుడ్డుంటుంది). చిన్న కాగితం మీద "బెజ్ మసా, బెజ్ రిబ్, బెజ్ వయెత్స్" అని చెక్ లిపిలో రాయించుకుని ఉంచండి. మాంసం, చేప, గుడ్డు వద్దని. వంటవాడికి చూపిస్తే సరిపోతుంది.

పొద్దుపోయాక తినే అలవాటుంటే జాగ్రత్త, రాత్రి తొమ్మిదికే చాలా వంటిళ్లు ఆర్డర్లు ఆపేస్తాయి. వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే బెంగే లేదు, బియ్యం, పెరుగు, కూరగాయలు సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి. అవి నదీ మెలిక బయట ఉంటాయి, వచ్చిన రోజే తెచ్చుకోండి. ఇదే ప్రశ్న చదివి సెప్టెంబర్ 28నో, అక్టోబర్ 28నో వెళ్లేవాళ్లుంటే: ఆ రెండు జాతీయ సెలవుల్లో పెద్ద దుకాణాలు మూసి ఉంచాలని చట్టం.

రాళ్లబాట

డబ్బు, వియన్నా దారి, ఈ రెండూ చెప్పి ముగిస్తాను.

చెక్ దేశంలో చెల్లేది కొరునా. యూరోలు తీసుకుంటామని బోర్డు పెట్టిన దుకాణాల్లో కూడా లెక్క వాళ్లకి లాభంగానే ఉంటుంది. కార్డు మిషన్ "మీ సొంత కరెన్సీలో కట్టాలా, కొరునాలోనా" అని అడిగితే ఎప్పుడూ కొరునా నొక్కండి. ఏటీఎంలో కూడా అంతే, "మార్పిడి ఒప్పుకోను" అన్న బొత్తాం నొక్కినా డబ్బు వస్తుంది, భయపడక్కర్లేదు. నోట్లు మార్చుకుని మోసపోయామనిపిస్తే, వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా అదే కౌంటర్లో రద్దు చేయించుకునే హక్కు చెక్ చట్టం ఇచ్చింది. రసీదు మాత్రం పారేయకూడదు. మరుగుదొడ్లకి, చిన్న కొట్లకి కొన్ని నాణేలు జేబులో ఉంచుకోండి.

వియన్నాకి ఐదుగురున్నారు కాబట్టి ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి తీసుకెళ్లే వ్యాన్ మాట్లాడుకోవడమే హాయి, దాదాపు మూడు గంటలు. మనిషికి ఇంత అని కాకుండా బండి మొత్తానికి ధర అడగండి, ఐదుగురికి సాధారణంగా అదే కలిసొస్తుంది. రైలే కావాలంటే చెస్కే బుద్యోవిత్సేలో మారాలి, తర్వాత లింజ్‌లోనో మరోచోటో ఇంకో మార్పు. బుద్యోవిత్సేలో రెండు మూడు గంటల వ్యవధి దొరికితే వృథా కాదు: చౌకు సరిగ్గా చతురస్రం, ఒక్కో వైపు 133 మీటర్లు, చుట్టూ కమానుల కింద నీడ, నాన్నగారు చదునైన నేల మీద ఎంతసేపైనా నడవొచ్చు. సరిహద్దు దగ్గర మామూలుగా ఆపరు, కానీ తనిఖీలు జరిగే అవకాశం ఉంది, పాస్‌పోర్టులు డిక్కీలోని పెట్టెలో కాకుండా చేతిసంచిలో ఉంచుకోండి.

మీ ప్లాన్‌లో ఒక్క మార్పు. ఆదివారం బస్సు ఆలస్యమైతే థియేటర్ టికెట్ పోతుంది, ఆ రోడ్డు మీద ప్రాగ్ పొలిమేరల్లోనే అరగంట ఇరుక్కోవచ్చు. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య బస్సు పట్టుకుని, థియేటర్‌కి ఆ రోజు దొరికే చివరి ఇంగ్లీషు టూర్ కొనండి.

తెరవెనుక

రాళ్లబాట గారి మాటకి ఒక చేర్పు. మంగళవారం రూట్ 1 మొదటి టూర్‌కే వెళ్లండి. అది దాదాపు గంట. గది ఖాళీ చేసే వేళ పదో, పదకొండో అయి ఉంటుంది, టూర్‌కి ముందే పెట్టెలు సర్ది రిసెప్షన్‌లో ఇచ్చేయండి. వీపున పెద్ద సంచులతో కోట గదుల్లోకి రానివ్వరు. టూర్ సాగుతున్నంత సేపు అమ్మానాన్నలు చౌకులో బల్ల మీద కూర్చోవచ్చు. తొమ్మిదిన్నర దాకా అక్కడ ఎండ పడదు, శాలువా తీసుకెళ్లమనండి.